న్యాయశాస్త్రము చదువదలచిన వారికి

ఒకప్పుడు శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల పిల్లవాడు ప్లీడరు కావలెనన్న మద్రాసు రైలెక్కవలసి యుండెను. అచ్చటి న్యాయ కళాశాల 1891లో ఏర్పడినది. నేడు విజయనగరమున మాన్సాస్ వారి న్యాయ కళాశాల కలదు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలయు, సబ్బవరమున దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమును కలవు. దూరము తగ్గినది, నిర్ణయము మాత్రము తేలిక కాలేదు.

మార్గములు రెండు. ఇంటర్మీడియట్ ముగించినవారికి ఐదేండ్ల చదువు, పట్టభద్రులకు మూడేండ్ల చదువు. రాష్ట్రములోని కళాశాలలకు లాసెట్ వ్రాయవలెను. అందు 120 ప్రశ్నలు, 90 నిమిషములు. సగము ప్రశ్నలు న్యాయశాస్త్రాభిరుచిని పరీక్షించును. తక్కినవి సామాన్య జ్ఞానము, వర్తమాన వ్యవహారములు. తెలుగు మాధ్యమము వారికిని అవకాశము కలదు. జాతీయ విశ్వవిద్యాలయములలోని ఐదేండ్ల చదువునకు క్లాట్ అను వేరొక పరీక్ష. అది ఆంగ్లమున నుండును. దీర్ఘమైన భాగములను చదివి సమాధానము లీయవలెను. తప్పునకు పావు మార్కు కోత. కావున పల్లెటూరి విద్యార్థి క్లాట్ తలపెట్టినచో రెండేండ్ల ముందు నుండియే దినమున కొక గంట ఆంగ్ల పత్రికను చదువుట మేలు.

కళాశాలను ఎన్నుకొనునప్పుడు భవనములను చూచి మోసపోరాదు. 2025 ఆగస్టులో భారత బార్ కౌన్సిల్ మూడేండ్ల పాటు క్రొత్త న్యాయ కళాశాలలకు అనుమతి నిలిపివేసినది. ప్రమాణములు దిగజారుటయే అందులకు ముఖ్య కారణము. కాబట్టి కౌన్సిల్ ఆమోదము ఉన్నదా, గ్రంథాలయము ఎట్టిది, విద్యార్థులచే వాదింపజేయు అభ్యాస న్యాయస్థానము జరుగుచున్నదా అని విచారింపుడు. 'తరగతికి రానక్కరలేదు' అని ఆశ చూపు కళాశాలకు దూరముగా నుండుడు. పాత పుస్తకములు కొనవలదు: 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది.

తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. పట్టా చేతికి వచ్చినంతనే రాబడి రాదు. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావలెను; అఖిల భారత బార్ పరీక్ష నెగ్గవలెను; సీనియరు వద్ద కొన్నేండ్లు పని నేర్వవలెను. నమోదు రుసుము సామాన్యులకు 750 రూపాయలు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి 125 రూపాయలు మించరాదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తీర్పు చెప్పినది. జూనియర్లకు గ్రామీణ ప్రాంతమున నెలకు 15,000 రూపాయలైన నీయవలెనని కౌన్సిల్ అదే ఏట సూచించినది. అది సూచనయే గాని నిర్బంధము కాదు. జూనియరు సివిలు జడ్జి పదవికి మూడేండ్ల న్యాయవాద వృత్తి అవసరమని 2025 మే 20న సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఈ సంవత్సరములను, ఈ ఖర్చును ముందే లెక్క వేసికొనినవారు నడుమ చదువు మానరు.

మరి ఇంత శ్రమ ఎందులకు? సీతంపేట, పార్వతీపురము ఏజెన్సీ గ్రామములను తలచుకొనుడు. గిరిజనుని భూమి గిరిజనేతరునకు బదిలీ అగుట 1959 నాటి ఒకటవ రెగ్యులేషను, 1970లో దానికి చేసిన సవరణ ప్రకారము చెల్లదు. చట్టము కాగితముపై బలమైనదే. కాని ఆ కాగితమును చదివి, సవర భాషలో రైతు చెప్పిన కష్టమును విని, అధికారి యెదుట నిలిచి వాదించువాడు లేనిచో అది పెట్టెలోని దీపమే. అట్టి యింటి నుండియే ఒక బాలుడో బాలికయో న్యాయవాది యైనచో ఆ దీపము వీధిలోనికి వచ్చును.

సంపాదనకై ఈ చదువు చదువుట తప్పు కాదు. అయితే ఎదుటివాని మాటను తుదివరకు వినగల ఓర్పు గలవారే ఇందు రాణింతురు. మీ పిల్లలలో ఆ గుణము కనబడినచో సందేహింపక ప్రోత్సహింపుడు.