పారేయాలంటే ప్రాణం విలవిల!

పాత వస్తువు మీద మమకారం అందరికీ ఉండేదే. కానీ ఆ మమకారం మంచం మీద పడుకునే చోటు కూడా మిగల్చకపోతే..? అది చాదస్తం కాదు, జబ్బు కావచ్చు. దానికి బీజం పడేది ఎక్కువగా చిన్న వయసులోనే!

వస్తువులు దాచుకోవడమంటే ఏమిటో ధూల్‌పేట్ వీధులకు బాగా తెలుసు. చవితి వెళ్లిపోగానే గణపతుల అచ్చులు ఓ మూలకు చేరతాయి. సంక్రాంతి వస్తోందంటే పతంగుల కోసం వెదురు పుల్లలూ, రంగు కాగితాల కట్టలూ బయటికొస్తాయి. ఇళ్లు ఇరుకే. అయినా దేనితో ఎప్పుడు పని పడుతుందో ఇంటిల్లిపాదికీ ఎరుకే. దగ్గర్లోని జుమేరాత్ బజార్‌లో ఒకరు వద్దనుకున్న పాత కుర్చీ మరొకరికి అక్కరకొస్తుంది.

ఇలా వస్తువు రావడమే తప్ప పోవడం ఆగిపోతే వచ్చేదే హోర్డింగ్ డిజార్డర్. రోడ్డు పక్కన కనిపించే ప్రకటనల హోర్డింగులకూ దీనికీ సంబంధం లేదు. విలువ ఉన్నా లేకున్నా దేన్నీ వదులుకోలేకపోవడం, వదలాలంటే తీవ్రమైన బాధ కలగడం, సామాన్లు పేరుకుని వంటిల్లు వంటకూ పడకగది పడకకూ పనికి రాకుండా పోవడం... ఇవీ లక్షణాలు.

సాలార్‌జంగ్‌ది సేకరణ

పాతబస్తీలోనే దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా కళాఖండాలు సేకరించారు. 1949లో ఆయన కన్నుమూశాక 1951లో వాటితోనే మ్యూజియం వెలిసింది. సేకరించేవారు ఏరుకుంటారు, అమర్చుకుంటారు, పదిమందికీ మురిపెంగా చూపిస్తారు. జబ్బున్నవారు తలుపు వేసుకుంటారు. బంధువులు వస్తామంటే బెంబేలెత్తిపోతారు.

ఒకప్పుడు దీన్ని ఓసీడీలో భాగంగా చూసేవారు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలోనూ చోటు దక్కింది. నూటికి రెండు, మూడు మందిలో ఇది ఉంటుందని వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి.

మలుపులోనే ముప్పు

ఇది ముసలివాళ్ల సమస్య అనుకుంటాం. నిజానికి తొలి లక్షణాలు 11-15 ఏళ్ల మధ్యే కనిపించవచ్చు. ఇరవైల మధ్యలో రోజువారీ పనులకు అడ్డు తగలడం మొదలవుతుంది. ఆత్మీయుల మరణం, బంధం తెగిపోవడం వంటి దెబ్బలు దాన్ని పెంచుతాయి.

డిగ్రీ అయ్యాక ఉద్యోగ వేటలో ఉన్న అబ్బాయినే ఊహించుకోండి. మూడేళ్ల కిందటి పోటీ పరీక్షల పుస్తకాలు పారేయడమంటే అతడి దృష్టిలో ఆశను పారేయడమే! తండ్రిని పోగొట్టుకున్న అమ్మాయికి ఆయన చేత్తో తెచ్చిన సంచీ కూడా నాన్నే. ఇంత వరకూ సహజమే. కానీ నెలలు గడిచేకొద్దీ కాగితం ముక్క మీదా అదే బెంగ పుడితే ఆలోచించాలి. పైగా ఈ వయసులో చాలామంది హాస్టల్‌కో, అద్దె గదికో మారతారు. ‘ఇదంతా ఏమిట్రా?’ అని అడిగే అమ్మ అక్కడ ఉండదు.

చెప్పకుండా ఊడ్చేస్తే..?

పిల్లలు ఊళ్లో లేనప్పుడు గది ఖాళీ చేసేయడం చాలా ఇళ్లలో జరిగేదే. దానివల్ల గది ఖాళీ అవుతుంది కానీ జబ్బు పోదు. నమ్మకం పోతుంది. కొన్నాళ్లకు గది మళ్లీ నిండుతుంది. అలాగని వదిలేయడమూ ప్రమాదమే. పేరుకున్న కాగితాలకు నిప్పంటుకోవచ్చు, నడిచే దారి లేక జారిపడొచ్చు.

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీతో మేలు జరుగుతుంది. ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకోవడం, కొత్తవి తెచ్చుకోకుండా నిగ్రహించుకోవడం అందులో నేర్పిస్తారు. నెలల తరబడి ఓపిక పట్టాలి. వెంట కుంగుబాటు, ఆందోళన ఉంటే వాటికి మందులు ఇస్తారు.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

* ‘చెత్త’ అనకండి. ఆ వస్తువు ఎందుకంత ముఖ్యమో అడగండి.
* ముందు తలుపు దగ్గర, పొయ్యి పక్కన, మంచం మీద ఖాళీ చేయించండి.
* రోజుకో చిన్న పెట్టె చాలు. నిర్ణయం మాత్రం వాళ్లదే.
* ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో వైద్యుల్ని కలవొచ్చు. 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.