చలి రాకముందే వల వెయ్యాలి

పత్తి ఏరుడు ఊపందుకునే రోజులకు కాగజ్‌నగర్‌లో తెల్లవారుజామున ఇగం మొదలవుతుంది. డిసెంబరు సగం దాటిందంటే, రాష్ట్రంలో చలి ఎక్కడ ఎక్కువ అనే లెక్కల్లో సిర్పూర్ (యు), గిన్నెధరి లాంటి మన జిల్లా ఊళ్ల పేర్లు ముందు వరుసలో కనిపిస్తాయి. ఉష్ణోగ్రత ఒంటి అంకెలోకి దిగడం ఇక్కడివాళ్లకు వింత కాదు. సముద్రం దూరం. ఆకాశంలో మబ్బు ఉండదు. విదర్భ మీదుగా ఉత్తరపు గాలి నేరుగా వచ్చి పడుతుంది. పగలు నేల తాగిన వేడంతా రాత్రికి పైకి పోతుంది. మనమైతే మంట వేసుకుంటాం, గొంగడి కప్పుకుంటాం. ఇంటి వెనక కుంటలో ఉన్న చేపకు ఆ వీలు లేదు. నీరెంత చల్లగా ఉంటే దాని ఒళ్లూ అంతే చల్లబడుతుంది.

కాగజ్‌నగర్ చుట్టుపక్కల పెరటి కుంట కొత్త సంగతేమీ కాదు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులకు పునరావాసం కల్పించిన ఊళ్లు ఈజ్‌గాం, నజ్రుల్‌నగర్ వైపు ఉన్నాయి. ఇంటి పక్కన చిన్న చెరువు, అందులో నాలుగు రకాల చేపలు ఉండడం బెంగాల్ పల్లెల్లో తరతరాల అలవాటు. ఇటు రైతుల చేలల్లో వాన నీటి కోసం తవ్వుకున్న పంట కుంటలున్నాయి. నీళ్లున్నన్ని నెలలు వాటిలో బొచ్చె, రవ్వ వదిలేవాళ్లు కొందరైతే, మంచి ధర మీద ఆశతో కొర్రమట్ట వదిలేవాళ్లు కొందరు.

కొర్రమట్టతోనే అసలు చిక్కు. తెలంగాణ రాష్ట్ర చేప అనిపించుకున్న ఈ కొర్రమీను వేటగాడి జాతి. తౌడు, పల్లి చెక్క దానికి ఆనవు. నోట్లో పట్టే చేపనల్లా మింగుతుంది. కాబట్టి దానికి మేతగా కుంటలో చిన్న చేపలు ఉండాలి: బుడ్డ పరకలో, పరిగెలో, లేదంటే తిలాపియా పిల్లలో. వీటిని మేత చేపలు అందాం. వానాకాలమంతా ఇవి పిల్లలు పెడుతూనే ఉంటాయి, కొర్రమట్ట తింటూనే ఉంటుంది. చలి వచ్చేసరికి ఈ లెక్క తప్పుతుంది.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చెరువు యజమానులు ఇదే పని మరోలా చేస్తారు. అక్కడ వేట చేప బాస్. వసంతంలో తిలాపియాను కొని చెరువులో వదులుతారు. ఎండాకాలమంతా అది పిల్లల్ని పెట్టి బాస్‌ను మేపుతుంది. చలికాలంలో నీరు 10, 12 డిగ్రీలకు దిగగానే తిలాపియా మగతపడి, ఈదలేక, చచ్చిపోతుంది. ఆ మగతలో ఉన్నప్పుడే బాస్ పొట్ట పగిలేలా తింటుంది. మరుసటి వసంతంలో చెరువు ఖాళీ, మళ్లీ కొత్త తిలాపియా. తిలాపియా మితిమీరకుండా చూసే పని అక్కడ చలిదే.

మన దగ్గర చలి ఆ పని చేయదు. కాగజ్‌నగర్‌లో గాలి 8 డిగ్రీలకు దిగినా మీటరు, మీటరున్నర లోతున్న కుంటలో నీరు అంత చల్లబడదు. కారణం నీటి స్వభావమే. దాన్ని వేడెక్కించడం ఎంత కష్టమో చల్లార్చడమూ అంతే కష్టం. ఒక గుంట విస్తీర్ణంలో, నాలుగడుగుల లోతున్న కుంటనే తీసుకుందాం. గుంట అంటే 121 చదరపు గజాలు, సుమారు 100 చదరపు మీటర్లు. అందులో పట్టే నీరు దాదాపు 120 ఘనపు మీటర్లు, అంటే లక్షా ఇరవై వేల లీటర్లు. ఈ నీరు ఒక్క డిగ్రీ చల్లబడాలంటే అందులోంచి సుమారు 140 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి బయటికి పోవాలి. ఒక్క రాత్రి చలి ఎంత గట్టిదైనా రెండు మూడు డిగ్రీల కంటే లాగలేదు. మర్నాడు ఎండ అందులో చాలా మటుకు తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే కుంట నీటి వేడి ఆ రాత్రి చలిని బట్టి కాక, ఆ వారం పగలూ రాత్రీ సగటును బట్టి నడుస్తుంది. పగలు 27, రాత్రి 10 ఉంటే నీరు 18 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. చలిగాలులు వారం పాటు వదలకపోతే 15, 16కు దిగొచ్చు. మోకాలి లోతు గుంతల సంగతి మాత్రం వేరు. వాటికి తెల్లవారుజాము నిజంగానే గండం.

అంటే మన చలికి తిలాపియా చావదు. కానీ బతకడానికీ బాగుండడానికీ మధ్య చాలా తేడా ఉంది. నీరు 22 డిగ్రీల కిందికి వచ్చేసరికి అది గుడ్లు పెట్టడం దాదాపు ఆపేస్తుంది, 20 దిగితే మేత మీద మనసు తగ్గుతుంది. కొర్రమట్టా మందగిస్తుంది. బొచ్చె, రవ్వలది కూడా అదే దారి. నీటి వేడి పది డిగ్రీలు తగ్గితే చేప ఒంట్లో జరిగే పనుల వేగం సుమారు సగానికి పడిపోతుంది. ఆకలీ అరుగుదలా సగమే. వేట చేప తినదు, మేత చేప తరగదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పుట్టిన పిల్లల దండు అలాగే మిగిలి నాలుగు నెలలు కుంటలో చోటు తింటుంది. మార్చిలో నీరు వేడెక్కగానే బొటనవేలంత చేపలే మళ్లీ గుడ్లు పెడతాయి. ఎదుగుదల లేని గిడసబారిన తిలాపియాతో కుంట నిండిపోవడానికి అసలు కారణం ఇదే.

మేత వేసే చేయి ఈ సంగతి మరిచిపోతే మరో ప్రమాదం. చలిలో చాలామంది చేప బలహీనపడిందని జాలిపడి తౌడు ఇంకో దోసెడు ఎక్కువ వేస్తారు. తినని తౌడు అడుగున కుళ్లుతుంది. దాని నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని విరిచే సూక్ష్మజీవులు కూడా చలికి మందగించి ఉంటాయి. చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ పడుతుందన్నది నిజమే: 30 డిగ్రీల నీరు లీటరుకు 7.5 మిల్లీగ్రాములు పట్టుకుంటే 20 డిగ్రీల నీరు 9 దాకా పట్టుకుంటుంది. కానీ ఆ సౌకర్యాన్నంతా కుళ్లిన తౌడు మింగేస్తుంది. పొగమంచు కమ్మి రెండు రోజులు ఎండ సరిగా రాకపోతే నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ తయారు చేయలేదు. అందుకే నీరు 20 డిగ్రీలు దిగాక మేత సగం చేయండి. 16 దిగితే పూర్తిగా ఆపండి. వేసే ఆ కొంచెమూ మధ్యాహ్నం, నీరు కాస్త వెచ్చబడ్డాకే వేయాలి.

ఇదంతా తెలియాలంటే ఒక థర్మామీటరు కావాలి. అంతకంటే ఖరీదైనదేమీ అక్కర్లేదు. మందపాటి సీసా తీసుకుని, మూతికి రెండో తాడు కట్టిన బిరడా పెట్టి, బరువు కట్టి మీటరు లోతుకు దించండి. అక్కడ బిరడా లాగితే ఆ లోతు నీరే సీసాలో నిండుతుంది. పైకి తీసి వెంటనే లోపల థర్మామీటరు పెట్టి చూడండి. పొద్దున ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. పై నీటికీ అడుగు నీటికీ మధ్యాహ్నం తేడా కనిపిస్తుంది. తెల్లవారేసరికి పైన చల్లబడి బరువెక్కిన నీరు కిందికి దిగి అంతా కలిసిపోతుంది, తేడా ఉండదు. కలిసేటప్పుడు అడుగున ఆక్సిజన్ లేని నీరు, బురద వాయువులు పైకి వస్తాయి. వానాకాలం ఆకూ పేడా అడుగున పేరుకున్న కుంటల్లో తొలి గట్టి చలికి చేపలు నోళ్లు తెరిచి పైకి తేలేది ఇందుకే.

చలికాలంలో చేపను చంపే అసలు శత్రువు ఒకటుంది: పుండ్ల జబ్బు. శరీరం మీద ముందు ఎర్ర మచ్చ, తర్వాత పొలుసు ఊడి గుంతపడిన పుండు, ముదిరితే ఎముక కనిపించేదాకా తినేస్తుంది. దీనికి మూలం అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే బూజు లాంటి జీవి. 1988లో ఇది మన దేశపు ఈశాన్య రాష్ట్రాల్లో అడుగుపెట్టింది, కొద్ది ఏళ్లలోనే మిగతా రాష్ట్రాల చెరువులకు పాకింది. నీరు 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు దాని బీజాలు విరివిగా పుట్టి ఈదుతాయి. చేప ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి మందగించేదీ అప్పుడే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాగజ్‌నగర్ కుంట నీరు సరిగ్గా ఈ మెట్టు మీదే ఉంటుంది! అందరికంటే ముందు దీనికి చిక్కేవి రెండు: పరకలు, కొర్రమట్టలు. తిలాపియాకు మాత్రం ఇది అంతగా అంటదు.

ఇక్కడ నాకు తిలాపియా పక్షం వహించాలని అనిపించకపోలేదు. చలికి ఓర్చుకుంటుంది, పుండ్ల జబ్బుకు లొంగదు, మేత చేపకు ఇంకేం కావాలి? అయినా దాన్ని పెరటి కుంటలో పెట్టొద్దనే చెబుతాను. మొజాంబిక్ తిలాపియా 1952లో మన దేశానికి వచ్చింది. ఏడేళ్లు తిరక్కుండానే, 1959లో, దాన్ని ఇంకా విస్తరించొద్దని నిపుణుల సంఘం అడ్డుచెప్పాల్సి వచ్చింది. తల్లి చేప గుడ్లను నోట్లోనే పొదుగుతుంది కాబట్టి పిల్లలు ఎక్కువగా బతుకుతాయి. నాలుగు వారాలకో ఆరు వారాలకో మళ్లీ ఈత. ఇప్పుడు సాగులో ఉన్న గిఫ్ట్ రకం మేలైనదే. దాన్నీ మత్స్య శాఖ అనుమతితో, కంచె కట్టుదిట్టాలతోనే పెంచాలి. పెరటి కుంటకు అదంతా కుదిరేది కాదు.

పరకలే నయం. వాటిలోనూ బెంగాలీలు ఇష్టపడే మోలా చేప ఉంటే మరీ మంచిది. దాని కళ్లలో, తలలో విటమిన్ ఎ దండిగా ఉంటుంది. బంగ్లాదేశ్‌లో పిల్లల పోషణ కోసం పెరటి చెరువుల్లో దీన్ని పెద్ద చేపలతో కలిపి పెంచమని ప్రోత్సహిస్తారు. కొర్రమట్ట తినగా మిగిలినవి మనం తినొచ్చు. పుండ్ల జబ్బు ముందు పరకలకే సోకుతుంది కాబట్టి అవి హెచ్చరికగా కూడా పనికొస్తాయి. వలలో పడ్డ పరకల్లో రెండు మూడింటి మీద ఎర్ర మచ్చ కనిపిస్తే కొర్రమట్టల కోసం అప్పుడే జాగ్రత్తపడాలి.

మచ్చ కనిపించేదాకా ఆగకపోవడం ఇంకా మంచిది. దీపావళి చుట్టుపక్కల, నీరు ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే గుంటకు రెండు కిలోల చొప్పున సున్నం బకెట్లో కలిపి, చల్లారాక, పొద్దునపూట కుంటంతా చల్లాలి. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ ఈ జబ్బు కోసమే సిఫాక్స్ అనే మందు తయారు చేసింది. హెక్టారు విస్తీర్ణంలో మీటరు లోతు నీటికి ఒక లీటరు దాని మోతాదు. పైన చెప్పిన గుంట కుంటకు లెక్క కడితే 12 మిల్లీలీటర్లు. ఎక్కువ పోస్తే ఎక్కువ గుణం వస్తుందనుకోకండి.

ఇక వల. అక్టోబరు చివర, నవంబరు మొదటి వారం దానికి సరైన సమయం. చలి ముదిరాక వల లాగితే పొలుసు గీరుకున్న చేప తేరుకోలేదు. ఆ గీతలోంచే బూజు లోపలికి దిగుతుంది. ఎన్ని తీయాలి? అమెరికాలో ఆబర్న్‌లో చెరువుల మీద జీవితమంతా పనిచేసిన హోమర్ స్వింగిల్ 1950లో ఒక లెక్క చెప్పాడు. చెరువులో మేత చేపల మొత్తం బరువు వేట చేపల బరువుకు మూడు నుంచి ఆరు రెట్లు ఉంటే సమతూకం బాగుంటుందని. అది బాస్ చెరువుల లెక్క, కొర్రమట్టకు అచ్చంగా అతకదు. చలిలో కొర్రమట్ట తిండి తగ్గుతుంది కాబట్టి మూడు రెట్ల దగ్గర ఆపడమే మేలని నా అభిప్రాయం. కుంటలో కొర్రమట్టలు పది కిలోలు ఉంటాయనుకుంటే పరకలు ముప్పై కిలోలు ఉంచి మిగతావి తీసేయండి. తూకం వేయలేకపోతే ఒక గుర్తు చెబుతాను. మధ్యాహ్నం గుప్పెడు తౌడు చల్లితే నీరు ఉడికినట్టు పరకలు పైకి వచ్చాయంటే ఇంకా తీయాల్సినవి ఉన్నాయి.

తీసినవి వృథా కావు. వానలు వెళ్లిపోయి ఎండ పొడిగా ఉండే ఆ రోజులు పరకలు ఎండబెట్టడానికి తగినవి. ఉప్పు రాసి వల మీద పరిస్తే మూడు నాలుగు ఎండలకు గలగలమంటాయి. పచ్చి చింతకాయ వచ్చే కాలమూ అదే కాబట్టి పులుసు గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

చలి గట్టిగా ఉన్న వారంలో బోరు నీళ్లు పెడితే ఉపయోగమా అని చాలామంది అడుగుతారు. మన భూగర్భ జలం ఏడాది పొడవునా 27 డిగ్రీల దగ్గర ఉంటుంది. కుంట 17 డిగ్రీలున్నప్పుడు ఆరు వేల లీటర్లు పోస్తే మొత్తం నీరు వెచ్చబడేది అర డిగ్రీ మాత్రమే. అయినా నీళ్లు పడే మూలన చేపలు గుమిగూడడం చూస్తాం, వాటికి ఆ మూల చాలు. బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఎత్తు నుంచి రాళ్ల మీద పడేలా పెట్టండి. కుంటలో ఒక పక్కనైనా ఆరడుగుల లోతు ఉండేలా వేసవిలోనే తవ్వుకుంటే అంతకంటే మేలు. నాలుగు తుమ్మ కొమ్మలు అడుగున వేస్తే చలికి మగతగా తిరిగే చేప నీటికాకికీ కొంగకూ సులభంగా చిక్కదు, రాత్రి దొంగ వల కూడా సాగదు.

చివరగా ఒక మనవి. వలలో తిలాపియా పడితే వండుకోండి, ఎండబెట్టండి, లేదంటే పూడ్చిపెట్టండి. చంపబుద్ధి కాక ప్రాణంతో వాగులో మాత్రం వదలకండి. పెద్దవాగు ప్రాణహితలో కలుస్తుంది, ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఒకసారి అక్కడికి చేరిన చేపను ఏ వలా వెనక్కి తేలేదు.