సముద్రపు కోత – సజీవమైన కట్ట

గోదావరి డెల్టా అంతయూ నది తెచ్చి పోసిన ఒండ్రు మట్టితో ఏర్పడిన నేల. ఆ మట్టి రాక తగ్గితే సముద్రము ముందుకు వస్తుంది. ఈ సంగతిని కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ ప్రజలకు ఎవరూ బోధింపనక్కరలేదు. జాందానీ చీరలకు పేరెన్నికగన్న ఆ ఊరిలో మత్స్యకారుల ఇళ్లు కెరటముల పాలైనవి. కాకినాడ పోయే తీరపు రోడ్డు పలుమార్లు తెగినది. కాలిపోయిన ఇంటిని ఉన్నచోటనే తిరిగి కట్టుకొనవచ్చును; సముద్రము తీసుకొన్న స్థలమును ఎక్కడ వెదకగలము?

ఈ కోతకు రెండు ముఖ్య కారణములు కనిపిస్తున్నవి. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క ప్రకారము, 1971-79 మధ్య గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మట్టిని తెచ్చేది; 1990-98 నాటికి అది 6 కోట్ల టన్నులకు లోపే. మిగిలినది ఎగువ జలాశయములలో నిలిచిపోతున్నది. ఇక తీరము వెంట దక్షిణము నుండి ఉత్తరమునకు సాగే ఇసుకలో కొంత కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ తిన్నెగా పేరుకొన్నది. ఆ తిన్నె కాకినాడ రేవుకు అడ్డుగా నిలిచినది గాని, ఉప్పాడకు చేరవలసిన ఇసుక తగ్గినది.

ఉప్పాడలో రాళ్లు పేర్చినారు. ఇసుక నింపిన జియోట్యూబులను అమర్చినారు. తుఫానుల తాకిడికి రెండూ పలుచోట్ల దెబ్బతిన్నవి. గట్టి గోడను కొట్టిన కెరటము వెనుదిరుగుతూ గోడ అడుగునున్న ఇసుకనే తోడుకొనిపోతుంది. గోడ ముగిసినచోట పొరుగు నేలను కోస్తుంది. గోడ కెరటమును ఆపవచ్చును గాని, కొత్త ఇసుకను తేలేదు.

చెట్టు చేసే పని వేరు. మడ, తిల్ల, ఉప్పుపొన్న చెట్ల వేళ్ల నడుమ నీటి వేగము తగ్గి, అందులోని మట్టి అడుగున నిలుస్తుంది. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కోరింగ అడవిలో ఇది ప్రత్యక్షముగా చూడవచ్చును. చెట్లు నరికినచోట నేల కుంగి, ఉప్పునీరు నిలిచి, కొత్త మొక్క బ్రతకలేదు. అందుచేత అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, గ్రామస్థులు కలిసి చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వినారు: నడుమ పెద్ద కాలువ, ఇరువైపులా వాలుగా పిల్లకాలువలు. పోటు నీరు వచ్చి పోవుట మొదలైన పిదప నాటిన మొక్కలు నిలిచినవి.

అయితే ఒకే మందు అన్ని రోగములకు పనికిరాదు. మడ మొక్కకు బురద నేల, నెమ్మదియైన నీరు కావలెను. ఉప్పాడ వంటి ఇసుక తీరమున కెరటమే దానిని పెకలిస్తుంది. అక్కడ బాలబంద తీగ, రావణాసురుని మీసములు అల్లుకొన్న ఇసుక దిబ్బలను కాపాడవలెను. వాటి వెనుక తాటి, సరుగుడు వరుసలు ఉండవలెను. లంక గ్రామముల ఒడ్డున వట్టివేరు, రెల్లు, వెదురు మేలు. కాని ప్రధాన ప్రవాహము నేరుగా ఒరసికొనేచోట గడ్డి ఒక్కటే చాలదు, అడుగున రాతికట్ట కూడ అవసరము.

మన జాతీయ సేవా పథకము విద్యార్థులు మొక్కలు నాటుటకు వెళ్లునపుడు మూడు ప్రశ్నలు వేసుకొనవలెనని మా మనవి: ఈ నేల బురదయా, ఇసుకయా? ఇక్కడికి పోటు నీరు వచ్చి పోవుచున్నదా? మనము వెళ్లిన తరువాత ఈ మొక్కను కాచేది ఎవరు? మూడవ ప్రశ్నకు సమాధానము తీరమున నివసించే వారి వద్దనే ఉన్నది. వారిని అడగకుండ నాటిన మొక్క ఫోటోలో మిగులుతుంది గాని ఒడ్డున మిగలదు.