వినేది సిస్టర్, రాసేది డాక్టర్

సుఖవ్యాధుల క్లినిక్‌లో రోగి నోరు విప్పేది నర్సు దగ్గరే. బ్రిటన్‌లో ఆ నర్సే పరీక్షించి మందు రాయగలదు. మన దగ్గర మాత్రం కలం ఇంకా ఆమె చేతికి రాలేదు.

జిల్లా ఆస్పత్రిలో ఆ గదికి బోర్డు ఉంటుంది. దారి అడిగేవాళ్లే ఉండరు. మగవాళ్లలో చాలామంది ముందు చర్మవ్యాధుల ఓపీ వరసలో నిలబడతారు. చూసినవాళ్లు ఏ దురదో అనుకుంటారు కాబట్టి ఇబ్బంది లేదు. ఆడవాళ్లు గైనిక్ ఓపీలో రాసిచ్చిన చీటీ పట్టుకుని వస్తారు. లోపలికి వచ్చాక కూడా అసలు మాట ఓ పట్టాన బయటికి రాదు. ‘వేడి చేసింది సిస్టర్’ అంటాడు అతను. ‘నడుం లాగేస్తోంది, తెల్లబట్ట అవుతోంది’ అంటుంది ఆమె. వేడి అంటే మూత్రంలో మంటేనా, చీము కూడా పడుతోందా? తెల్లబట్ట మామూలుదా, వాసన ఉందా, పొత్తికడుపులో నొప్పి ఉందా? పాతతరం వాళ్లయితే సెగ అనీ, సవాయి అనీ, అడ్డగర్రలనీ చెబుతారు. ఈ మాటలన్నిటినీ వైద్యభాషలోకి మార్చే పని చాలాచోట్ల తలుపు పక్కన బల్ల వేసుకుని కూర్చున్న నర్సుదే.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ప్రభుత్వాస్పత్రుల్లోని ఈ క్లినిక్‌లకు ‘సురక్ష’ అని పేరు పెట్టింది. డాక్టర్, నర్సు, కౌన్సెలర్‌ల జట్టు ఇక్కడ పనిచేయాలి. ఎప్పటి నుంచి బాధ, చివరిసారి ఎవరితో కలిశారు, నిరోధ్ వాడారా, గర్భవతా, పెన్సిలిన్ పడదా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. ఆ తర్వాత సవాయి, హెచ్‌ఐవీ పరీక్షలకు రక్తం, డాక్టర్ చూస్తున్నప్పుడు పక్కన ఉండడం, ఇంజెక్షన్, మందులు ఎలా మింగాలో చెప్పడం, మళ్లీ ఎప్పుడు రావాలో గుర్తుచేయడం. ఈ మొత్తంలో నర్సు చేయకూడనిది ఒక్కటే. మందుల చీటీ రాయడం.

ఆ ఒక్కటీ ఎంత పెద్దదో డాక్టర్ సీట్లో లేని రోజున తెలుస్తుంది. జిల్లా ఆస్పత్రి డాక్టర్‌కు పోస్ట్‌మార్టం డ్యూటీ పడవచ్చు. కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి రావచ్చు. అలాంటి రోజు కూలి మానుకుని, ఇంట్లో ఏదో అబద్ధం చెప్పి వచ్చిన మనిషికి ‘రేపు రా అమ్మా’ అనడం తప్ప నర్సు చేయగలిగింది లేదు. రేపు ఆమె వస్తుందన్న భరోసా లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఉన్నాడు, బస్టాండు దగ్గర మందుల షాపు ఉంది. అక్కడ చీటీ లేకుండానే రెండు బిళ్లలు దొరుకుతాయి. ఏ డిగ్రీ లేనివాళ్లు యాంటీబయోటిక్ ఇవ్వగలుగుతున్న దేశంలో నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివిన మనిషి మాత్రం చట్టానికి కట్టుబడి చేతులు కట్టుకుని కూర్చోవాలి.

గర్భిణి విషయంలో ఈ ఆలస్యం ఖరీదు మరీ ఎక్కువ. తల్లికి సవాయి ఉండి చికిత్స అందకపోతే గర్భస్రావం కావచ్చు, బిడ్డ చనిపోయి పుట్టవచ్చు, బతికినా జబ్బుతో పుట్టవచ్చు. తొలిదశలో దానికి విరుగుడు 24 లక్షల యూనిట్ల బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్. ఖరీదైన మందేమీ కాదు. గర్భంలో ఉన్న బిడ్డకూ చికిత్స అందించగలదని నమ్మకంగా చెప్పగలిగిన మందు పెన్సిలిన్ ఒక్కటే. రక్తం తీసేది నర్సే, ఇంజెక్షన్ పొడిచేదీ నర్సే. మధ్యలో ఒక సంతకం కోసం బిడ్డ ఎదురుచూడాలి.

బ్రిటన్‌లో ఆ సంతకం నర్సు పెట్టగలదు. 1916లో అక్కడ తెచ్చిన నిబంధనలు సుఖవ్యాధులకు ఉచితంగా, గుట్టుగా చికిత్స చేసే క్లినిక్‌లకు పునాది వేశాయి. అదనపు శిక్షణ పొందిన నర్సులు తమకు నైపుణ్యం ఉన్న పరిధిలో దాదాపు ఏ మందైనా రాయవచ్చని 2006లో అనుమతించారు. సీనియర్ నర్సు తానే రోగి చెప్పింది విని, పరీక్షించి, మందు రాసి పంపిస్తుంది. చిక్కు కేసులే డాక్టర్ దాకా వెళతాయి. ‘నర్స్ ప్రాక్టీషనర్’ అన్న మాట అంతకంటే పాతది. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెటా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టర్ కలిసి ఆ కోర్సు మొదలుపెట్టారు. బ్రిటన్ ప్రభుత్వాస్పత్రుల్లో భారతీయ నర్సులు వేల సంఖ్యలో ఉన్నారు. అక్కడ ఆ శిక్షణ పూర్తిచేసి మందులు రాసే నర్సు సెలవుల్లో ఇంటికొస్తే, సొంత జిల్లా ఆస్పత్రిలో ఆమె రాసిన చీటీ చెల్లదు.

మన దేశంలో తలుపులు పూర్తిగా మూసేశారని కాదు. భారతీయ నర్సింగ్ మండలి అత్యవసర చికిత్స విభాగాల కోసం నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును రూపొందించింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. ఆ మరుసటి ఏడాదే కేంద్రం కూడా మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు విడుదల చేసింది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ ‘కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్’లకు పరిమిత లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. భారతీయ వైద్య సంఘం దాన్ని తీవ్రంగా వ్యతిరేకించి ఆందోళనకు దిగింది. కాన్పుల గదికీ, ఐసీయూకీ ఇలా ప్రత్యేక కోర్సులు వచ్చినా సుఖవ్యాధుల క్లినిక్ ఎవరికీ గుర్తురాలేదు.

డాక్టర్ల అభ్యంతరాలను తేలిగ్గా కొట్టిపారేయలేం. లేబొరేటరీ ఫలితం కోసం ఆగకుండా లక్షణాలను బట్టి అదే రోజు మందు ఇచ్చే పద్ధతికి అనుగుణంగా, 2007లో మొదలైన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మూడో దశలో ఏడు రంగుల మందుల కిట్లు వచ్చాయి. మూత్రనాళం నుంచి చీముకు బూడిదరంగు, యోని స్రావానికి ఆకుపచ్చ, పుండ్లకు తెలుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు. చూడ్డానికి ఎవరైనా ఇచ్చేయగలరనిపిస్తుంది. కానీ స్త్రీలలో గనేరియా, క్లమీడియా చాలాసార్లు ఏ లక్షణమూ చూపించవు. మరోపక్క తెల్లబట్టలన్నీ సుఖవ్యాధులు కావు. ఫంగస్‌తో వచ్చే మామూలు దురదకు ఆ పేరు పెడితే మందు వృథా కావడంతో ఆగదు, కాపురమే కూలుతుంది. పైగా గనేరియా క్రిమి ఒక్కో యాంటీబయోటిక్‌కూ లొంగకుండా తయారవుతోంది. పెన్సిలిన్ వికటిస్తే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. నర్సులు మందులు రాసినంత మాత్రాన జబ్బులు తగ్గిపోవనడానికీ బ్రిటనే సాక్ష్యం. 2023లో ఒక్క ఇంగ్లండ్‌లోనే 85 వేలకు పైగా గనేరియా కేసులు బయటపడ్డాయి. కాబట్టి రేపటి నుంచే నర్సులందరికీ కలం ఇచ్చేయమని అడగడం కుదరదు. అడగాల్సింది శిక్షణ, పరీక్ష, స్పష్టమైన పరిధి, అవసరమైతే ఫోన్‌లో దొరికే డాక్టర్.

ఎందుకంటే ఈ పనిలో కష్టమైన భాగం ఇప్పటికే క్లినిక్‌లోని నర్సు, కౌన్సెలర్‌ల నెత్తిన ఉంది. ‘మీ ఆయన్ని కూడా తీసుకురా అమ్మా’ అని చెప్పాలి. భర్తకు చికిత్స చేయకపోతే భార్యకు మళ్లీ అంటుకుంటుంది. కానీ జబ్బు పేరు ఎత్తగానే నింద పడేది చాలాసార్లు ఆమె మీదే. హెచ్‌ఐవీ బాధితుల రక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం జీవిత భాగస్వామికి విషయం చెప్పే అధికారం కొన్ని షరతులకు లోబడి డాక్టర్‌కో, కౌన్సెలర్‌కో ఉంటుంది. చెబితే ఆమెను కొడతారనో, గెంటేస్తారనో సహేతుకమైన భయం ఉంటే చెప్పకూడదు. ఆ భయం ఉందో లేదో తెలియాలంటే ఆమెతో తలుపు వేసుకుని మాట్లాడాలి.

పదిహేడేళ్ల అమ్మాయి వస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. పోక్సో చట్టం కింద పద్దెనిమిదేళ్లలోపు వాళ్లతో లైంగిక సంబంధం నేరం. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పోలీసు మాట వినబడితే ఆ అమ్మాయి చికిత్స మానేసి పారిపోతుంది. ఈ భయానికి పాత మూలాలున్నాయి. వలస పాలకులు 1868లో తెచ్చిన అంటువ్యాధుల చట్టం వేశ్యావృత్తిలోని స్త్రీలను రిజిస్టర్‌లోకి ఎక్కించి, బలవంతంగా పరీక్షించి, లాక్ హాస్పిటళ్లలో నిర్బంధించింది. 1888లో దాన్ని రద్దు చేశారు గానీ సుఖవ్యాధుల గది అంటే శిక్ష వేసే గది అన్న అనుమానం అంత తొందరగా పోలేదు.

ఆ అనుమానాన్ని పోగొట్టేది బోర్డు మీది పేరు కాదు. ‘కూర్చో అమ్మా, ఇక్కడ చెప్పింది ఈ గది దాటదు’ అన్న మాట. ఆ మాట నమ్మి ఆమె అంతా చెప్పేస్తుంది. బీరువాలో మందు ఉంది, ఎదురుగా నర్సు ఉంది. అయినా డాక్టర్ లేని రోజున ఆమె చేతిలో పెట్టేది రేపటి తారీఖు వేసిన కాగితమే.