పదిహేనుగురి ఊరేగింపు

టాటానగర్ చెంతనున్న గమ్హరియా మీదుగా హౌరా రైళ్లు నిత్యమూ పోతుంటాయి. అవి చేరే కలకత్తాలోనే 1999 జూలై 2న పదిహేనుగురు పసుపుపచ్చ టీషర్టులు ధరించి నడిచారు. భారతదేశంలో స్వలింగ ప్రేమికుల తొలి ఊరేగింపుగా చరిత్రకెక్కినది అదే.

ఇటువంటి యాత్రలకు మూలం న్యూయార్కులో ఉంది. 1969 జూన్ 28 తెల్లవారుజామున స్టోన్‌వాల్ ఇన్ అనే మద్యశాలపై పోలీసులు దాడి చేయగా, అక్కడివారు తిరగబడ్డారు. మరుసటి ఏడాది అదే తేదీన వేలమంది వీధికెక్కి, దానిని ఆత్మగౌరవ యాత్రగా మలచారు. ముప్ఫై ఏళ్ల పిమ్మట కలకత్తాలో నడిచినవారు పదిహేనుగురే! తమ నడకకు వారు 'ఫ్రెండ్‌షిప్ వాక్', అనగా మైత్రీ యాత్ర, అని మాత్రమే పేరు పెట్టుకొన్నారు. నాడు శిక్షాస్మృతి 377వ సెక్షను వారి దేహసంబంధాన్ని యావజ్జీవ కారాగారానికి తగిన నేరంగా ఎంచేది. పట్టపగలు ముఖం చూపడమంటే ఇంటినీ, ఉద్యోగాన్నీ పణంగా ఒడ్డడమే. కలకత్తాలో రెండవ యాత్ర 2003లో గాని సాగలేదు.

2008లో ఢిల్లీ యాత్రలో పాల్గొన్నవారిలో పలువురు ముసుగులు ధరించే నడిచారు. హైదరాబాదు వీధులు 2013లో తొలి యాత్రను చూశాయి. పరస్పర సమ్మతిగల వయోజనులను సుప్రీంకోర్టు ఆ సెక్షను నుండి విముక్తులను చేసినది 2018 సెప్టెంబరు 6న.