కీళ్లు మొరాయిస్తే... ఇల్లాలే ఓర్చుకోవాలా?

ఎండాకాలం వచ్చిందంటే మన ఇళ్లల్లో ఆవకాయ సందడే వేరు. కాయలు తుడవడం, ముక్కలు కొట్టించడం, కారం, ఆవపిండి కలపడం, జాడీకెత్తి వాసెన కట్టడం... ఏళ్ల తరబడి ఈ పనంతా ఒంటిచేత్తో చేసుకొచ్చిన ఇల్లాలు ఓ ఏడాది ఉన్నట్టుండి, 'ఈసారికి బజార్లో కొనుక్కుందాం లెండి' అంటుంది. ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుంటారు. పొద్దున లేచేసరికి ఆమె వేళ్లు మడత పడటం లేదనీ, వాసెన తాడు ముడి వేయలేకపోతోందనీ ఎవరికీ తెలియదు. ఆమె కూడా చెప్పదు. 'వయసు మీద పడ్డాక నొప్పులు రావా ఏమిటి!' అని తనకు తానే సర్దిచెప్పుకుంటుంది.

అసలు చిక్కంతా ఆ సర్దుకోవడంలోనే ఉంది. ఎందుకంటే, కీళ్ల నొప్పులన్నీ వయసు తెచ్చే నొప్పులు కావు.

ఏ నొప్పి ఏమిటి?

మనం కీళ్లవాతం అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ వీటిలో వందకు పైగా రకాలున్నాయి. ఎక్కువగా కనిపించేవి రెండు.

మొదటిది ఆస్టియో ఆర్థరైటిస్. కీలులో ఎముకల చివర మెత్తలా ఉండే మృదులాస్థి అరిగిపోవడం. మోకాళ్లకు ఎక్కువగా వస్తుంది. నడిస్తే, మెట్లెక్కితే నొప్పి. కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున బిగదీసినా సాధారణంగా అరగంట లోపే వదులవుతుంది.

రెండోది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇది అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి సొంత కీళ్ల మీద దాడి చేయడం. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇరవై, ముప్ఫై ఏళ్లవాళ్లకూ వస్తుంది. రెండు చేతుల వేళ్లూ, మణికట్లూ ఒకేసారి వాచడం, పొద్దున గంట దాటినా బిగుసుకునే ఉండటం, ఊరికే నీరసం... ఇవీ దీని గుర్తులు. మొదటి నెలల్లోనే సరైన మందు పడితే కీళ్లను కాపాడుకోవచ్చు. అశ్రద్ధ చేస్తే వేళ్లు వంకర్లు పోతాయి. ఒకసారి పాడైన కీలు మందులతో మళ్లీ మామూలు కాదు. పెడనలో కలంకారీ అచ్చులు అద్దే చేతులకైనా, చిలకలపూడిలో గిల్టు నగలకు రాళ్లు పొదిగే వేళ్లకైనా అది తిండి పెట్టే పనే పోవడం!

రక్తపరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ 'లేదు' అని వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. కొందరిలో అది కనిపించదు. అందుకే కాగితం ఒక్కటే చూసి వదిలేయకుండా, కీళ్లను పట్టి చూసే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. చికున్‌గున్యా జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి కీళ్లు పట్టేయడం 2006లో మన రాష్ట్రమంతా చూసిందే. ఆ సంగతి గుర్తుంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

భీమవరం బిడ్డ ప్రయోగశాల నుంచి...

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ఇప్పటికీ మొదటగా రాసే మందు మెథోట్రెక్సేట్. దీని వెనక ఉన్నది మన డెల్టా ప్రాంతం మనిషే అంటే నమ్ముతారా? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది ఆయన బృందమే. దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే. ఆయన 1948లో కన్నుమూశారు. 1951లో అమినోప్టెరిన్‌ను కీళ్లవాతం రోగుల మీద ప్రయత్నించి చూశారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడటానికి అమెరికా ప్రభుత్వం 1988లో అనుమతించింది. ఈ మందు వల్ల వచ్చే ఇబ్బందులు తగ్గడానికి డాక్టర్లు తోడుగా ఇచ్చే మాత్ర ఫోలిక్ యాసిడే! రెండూ ఒకే ఇంటివి.

ఒక్క హెచ్చరిక మాత్రం చీర కొంగుకు ముడి వేసుకోండి. కీళ్ల జబ్బుకు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. ఆ రోజేదో క్యాలెండర్‌లో సున్నా చుట్టి పెట్టుకోండి. డాక్టరు చెప్పిన ప్రకారం రక్తపరీక్షలు మానొద్దు.

'ఒక్క సూది వేయించుకున్నా, లేచి పరిగెత్తా' అని పక్కింటి వదిన చెబితే తొందరపడకండి. అది స్టెరాయిడ్ కావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో కొద్దికాలం వాడితే అది మంచి మందే. ఎవరికి తోచినట్టు వాళ్లు వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది. ఏ వివరమూ రాయని పొట్లాలలోని పొడులతోనూ జాగ్రత్త. ఇప్పటికే స్టెరాయిడ్ వాడుతుంటే ఒక్కసారిగా ఆపేయకుండా డాక్టరును అడగండి.

పెళ్లి కావాల్సిన పిల్లకి వస్తే?

ఎక్కువమంది తల్లులు నోరు విప్పనిది ఇక్కడే. 'సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడీ సంగతి బయటికొస్తే ఎలా' అని మందులు దాచిపెడతారు, కొన్నాళ్లు ఆపేస్తారు కూడా. నష్టపోయేది పిల్ల కీళ్లే. పైగా దాచి పెళ్లి చేస్తే ఇంకో ప్రమాదం ఉంది. మెథోట్రెక్సేట్ వాడుతూ గర్భం దాల్చకూడదు, కడుపులో బిడ్డకు హాని. పిల్లలు కావాలనుకునే ముందే, మామూలుగా మూడు నెలల ముందు, డాక్టరు ఆ మందు ఆపి, గర్భంలో వాడదగిన వేరే మందులకు మారుస్తారు. అత్తింటివాళ్లకు తెలియకుండా ఈ జాగ్రత్త ఎలా కుదురుతుంది? జబ్బు అదుపులో ఉంటే పెళ్లికీ, పిల్లలకూ అది అడ్డు కాదు. ఈ మాటను పెళ్లికి ముందే, వీలైతే డాక్టరు ఎదుటే, రెండు వైపులవాళ్లూ కూర్చుని మాట్లాడుకోవడం మేలు.

ఎక్కడికి వెళ్లాలి?

వాపుతో కూడిన కీళ్ల జబ్బులు చూసే నిపుణుణ్ణి రుమటాలజిస్టు అంటారు. అరుగుదలకు ఎముకల డాక్టరు, ఫిజియోథెరపిస్టు. విజయవాడ ప్రభుత్వాసుపత్రి ఉండనే ఉంది. 2019 నుంచి మంగళగిరి ఎయిమ్స్‌లో ఓపీ నడుస్తోంది. హైదరాబాదు నిమ్స్‌లో రుమటాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. అవనిగడ్డ నుంచైనా, గుడివాడ నుంచైనా 'బస్సు చార్జీలు దండగ' అని పరీక్ష వాయిదా వేయక్కర్లేదన్నమాట.

మందుల ఖర్చు భారమైతే జన ఔషధి కేంద్రాల్లో జెనరిక్ మందులు అడగండి. మోకీలు మార్పిడి తప్పదంటే, లోపల అమర్చే కీలుకు 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర నిర్ణయించిందని గుర్తుంచుకోండి. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు పెట్టిన ధర 54,720 రూపాయలు, పన్ను అదనం. ఆ తర్వాత సవరణలు జరిగాయి. ఇప్పటి ధర ఎంతో అడిగి, బిల్లులో విడిగా రాయించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం మీ చికిత్సకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవాలి. కీళ్లు బాగా దెబ్బతిన్నవాళ్లు సచివాలయంలో అడిగి సదరం పరీక్షకు వెళ్లొచ్చు. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్నట్టు తేలితే, మిగతా అర్హతలు కూడా ఉంటే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 జూలైలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు చేశారు.

ఇంట్లో చేసుకోదగ్గవి

* పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి వేళ్లు మెల్లగా ముడిచి చాపండి. ఆ తర్వాతే వంటపని.
* బిందె చంకనెత్తకుండా చెంబులతో నింపండి. గిన్నెను వేళ్లతో కాక రెండు అరచేతులతో ఎత్తండి.
* తడిబట్టను కుళాయికి చుట్టి మెలిపెడితే మణికట్టు మీద బరువు తగ్గుతుంది.
* గరిటె, చాకు పిడులకు గుడ్డ చుట్టి లావు చేయండి. కత్తిపీట మానేసి బల్ల మీద తరగండి.
* కింద కూర్చుని లేవడం మోకాళ్లకు కష్టమైతే స్టూలు, కమోడ్ కుర్చీ వాడండి. అందులో నామోషీ ఏమీ లేదు.
* బరువెక్కువ ఉంటే తగ్గాలి. ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గినట్టు.
* నొప్పి ఉందని పూర్తిగా కదలడం మానేస్తే కండలు బలహీనపడి నొప్పి ఇంకా పెరుగుతుంది. చదునైన నేల మీద నడవండి. తొడ కండరాలకు వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

నలుగురు కలిస్తే...

ఈ జబ్బులో నొప్పి ఒక ఎత్తయితే, ఎవరూ నమ్మకపోవడం ఇంకో ఎత్తు. నిన్న బాగానే తిరిగిన మనిషి ఇవాళ లేవలేకపోతే నటన అనుకుంటారు. కీళ్లవాతం ఇలాగే వస్తూ పోతూ ఉంటుందని ఇంట్లో అందరికీ తెలియాలి. వీలైతే డాక్టరు దగ్గరకు మీవారినో, కోడలినో వెంటబెట్టుకెళ్లండి. మీరు పదిసార్లు చెప్పినదానికన్నా ఆయన నోట ఒక్కసారి వింటే నమ్ముతారు.

మీ వీధిలో ఇలాంటివాళ్లు మీరొక్కరే కాదు. డ్వాక్రా సమావేశంలో చాప మీద కూర్చోలేక రావడం మానేసిన సభ్యురాలు ఉందేమో చూడండి. ఆమెకో కుర్చీ వేయండి చాలు, మళ్లీ వస్తుంది. ఏ డాక్టరు ఓపిగ్గా చూస్తారో, ఏ పరీక్ష ఎక్కడ చవకో, సదరం ఎప్పుడో... ఇవన్నీ అనుభవించినవాళ్లే ఒకరికొకరు చెప్పుకోవాలి.

ఇక వచ్చే ఎండాకాలం ఆవకాయ సంగతంటారా? ఆమె కుర్చీలో కూర్చుని కొలతలు చెబుతుంది. ఆయన కలుపుతారు. జాడీకి వాసెన కొడుకు కడతాడు. రుచేం తగ్గదు!