వణికే చెయ్యి - మెదడులో ఆపరేషన్

మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి చెయ్యి వణికితే బతుకే వణుకుతుంది. పెద్దాపురం పట్టు సంగతి తెలిసిన మనకు యీ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. పెద్దవాళ్ళ వణుకంతా వయసు వల్లనే అనుకుంటాం గాని, 1817లో జేమ్స్ పార్కిన్‌సన్ అనే ఇంగ్లీషు వైద్యుడు వర్ణించిన వ్యాధి కూడా అందులో వుంటుంది. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశించడం దీనికి మూలం. డోపమిన్ తగ్గేసరికి కదలికల అదుపు తప్పి, చెయ్యి వణుకుతుంది, కండరాలు బిగుస్తాయి, నడక మందగిస్తుంది.

మరి మెదడులో ఇంకో చోట కాలిస్తే వణుకు తగ్గడమేమిటి? తూము తలుపు పాడై చేలోకి నీళ్ళు తోసుకొస్తుంటే రైతు ముందుగా బోదెకు అడ్డుకట్ట వేస్తాడు. యీ ఆపరేషనూ అంతే. జబ్బు పోదు; తప్పుడు సంకేతాలు వెళ్ళే దారి మూసుకుంటుంది.

1947లో ఫిలడెల్ఫియాలో స్పీగెల్, వైసిస్ అనే యిద్దరు తలకు చట్రం బిగించి, ఎక్స్‌రే కొలతలతో మెదడు లోతుకు సూది చేర్చే పద్ధతి ప్రారంభించారు. 1952లో న్యూయార్కులో కూపర్ ఆపరేషన్ చేస్తుండగా అనుకోకుండా ఒక రక్తనాళం తెగింది. దాన్ని కట్టేసి అంతటితో ఆపేశాడు. చిత్రం! రోగికి వణుకు తగ్గింది, పక్షవాతం రాలేదు. మదరాసు జనరల్ ఆస్పత్రిలో డాక్టర్లు రామమూర్తి, బాలసుబ్రమణియం, కనక 1960లలో యీ విద్యను మన దేశంలో సాగించారు.

ఆపరేషన్‌లో రోగి మెలకువగానే వుంటాడు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, థాలమస్ వంటి చోటికి సన్నని సూది పంపి, ముందు కాస్త విద్యుత్తుతో పరీక్షిస్తారు. "చెయ్యి చాపండి, అంకెలు లెక్కపెట్టండి" అంటారు. వణుకు ఆగి, మాట తడబడకపోతేనే ఆ కొద్ది మిల్లీమీటర్ల మేర వేడితో కాలుస్తారు. కాలిన కణాలు మళ్ళీ మొలవవు. రెండు పక్కలా చేస్తే మాటకు, మింగడానికి ప్రమాదం ఎక్కువ.

1960ల చివర లెవోడోపా మందు రావడంతో యీ ఆపరేషన్లు తగ్గాయి. మన కంచెల మీద పాకే దూలగొండి గింజల్లో ఆ పదార్థం వున్నట్లు మదరాసులో 1937లోనే కనుక్కున్నారు! అయితే ఏళ్ళు గడిచేకొద్దీ మందుతో అసంకల్పిత కదలికలు మొదలవడంతో, 1990లలో ఆపరేషన్ మళ్ళీ ముందుకొచ్చింది. కాల్చకుండా విద్యుత్ తీగ అమర్చే పద్ధతి 1987లో ఫ్రాన్సులో బెనబిడ్ మొదలుపెట్టాడు. అవసరాన్ని బట్టి విద్యుత్తును హెచ్చించవచ్చు, తగ్గించవచ్చు. కాని దానికి లక్షల ఖర్చు, బాటరీ, తరచు పరీక్షలు. ఇవేవీ అందని బీదవాడికి ఒక పక్క కాల్చే పాత పద్ధతి యీనాటికీ ఒక దారే. ఇప్పుడు పుర్రె తెరవకుండా అల్ట్రాసౌండు కిరణాలతోనూ కాలుస్తున్నారు.

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. కాని చెయ్యి వణికే తాతయ్యను "వయసు మీదపడింది" అని మూల కూర్చోబెట్టకుండా, ఒక్కసారి నరాల డాక్టరుకు చూపించడం చదువుకున్న మనుమల బాధ్యత.